ఆదివారం, చిట్టి సంగతులు

పొద్దున ఐదున్నరకే మా పిల్లి చిట్టి దుప్పటి మీదకెక్కి, పూరీ పిండి కలిపినట్టు ముందుకాళ్లతో మార్చి మార్చి నా పొట్ట పిసకడం మొదలెట్టింది. పిల్లికూనలు పాలు తాగేటప్పుడు తల్లి పొట్టని ఇలాగే నొక్కుతాయి, పెద్దయ్యాక కూడా హాయిగా ఉన్నప్పుడు ఆ అలవాటు బయటికొస్తుంది. సెలవురోజు నిద్ర పోయినా తోసెయ్యబుద్ధి కాలేదు.

పదింటికి పక్కింటి పిన్నిగారు వచ్చి మళ్లీ అదే మాట, "కుక్కకైతే విశ్వాసం ఉంటుందమ్మా, పిల్లికేముంది, తిండి దొరికితే చాలు." ఈ మాట నాకు అస్సలు నచ్చదు. ఆవిడ అలా అంటుండగానే చిట్టి తోక నిటారుగా ఎత్తుకుని వచ్చి నా కాలికి బుగ్గ రుద్దింది. తోక అలా ఎత్తడం పలకరింపు, బుగ్గల దగ్గర వాసన గ్రంథులుంటాయి కాబట్టి అలా రుద్ది తన వాసన నాకు అంటిస్తుంది, నేను తన మనిషినని. అసలు పెద్ద పిల్లులు ఒకదానితో ఒకటి మ్యావ్ అనుకోవడమే తక్కువ, ఆ అరుపు ఎక్కువగా మన కోసమే. ఇంకేం కావాలి?

పిన్నిగారిది మంచి మనసే, గిన్నెలో పాలు పోయబోయారు. వద్దన్నాను. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలలోని లాక్టోజ్ అనే చక్కెర అరగదు, విరేచనాలవుతాయి. పెరుగన్నం పెట్టి పెంచేస్తామనే వాళ్లకీ ఇదే చెప్తాను, పిల్లి మాంసాహారి, దానికి మాంసంలో ఉండే టారిన్ అనే పోషకం అందకపోతే చూపూ గుండే దెబ్బతింటాయి. మా ఇంట్లో మాంసం వండం, అయినా చిట్టికి మాత్రం క్యాట్‌ఫుడ్ తెస్తాం, అమ్మ కూడా ఒప్పుకుంది. తీపి రుచి పిల్లులకు తెలియదు, అందుకే లడ్డూ పక్కన పెట్టినా చిట్టి చూడనైనా చూడదు.

మధ్యాహ్నమంతా కిటికీలో నిద్ర. ఎండకి కళ్లలో నల్లపాప నిలువు గీతలా సన్నబడింది, సాయంత్రం దీపాలు పెట్టేవేళకి గుండ్రంగా విచ్చుకుంది. దానివైపు చూసి మెల్లగా కళ్లు మూసి తెరిచాను, అదీ అలాగే చేసింది. ఇలా చేస్తే పిల్లులు దగ్గరకొస్తాయని 2020లో ఇంగ్లండ్‌లో ససెక్స్ యూనివర్సిటీ వాళ్లు పరీక్షించి మరీ చెప్పారు.

ఒక్కటి మాత్రం నాకెప్పుడూ టెన్షన్. పిల్లి నొప్పిని దాచుకుంటుంది, హాయిగా ఉన్నప్పటిలాగే ఒంట్లో బాలేనప్పుడు కూడా గుర్రుమంటుంది. అందుకే తిండి తగ్గిందా, ఒళ్లు నాకి శుభ్రం చేసుకోవడం మానేసిందా అని రోజూ చూస్తుంటాను. జ్వరమనిపించినా మన పారాసిటమాల్ ముక్క కూడా వెయ్యకూడదు, ప్రాణం పోతుంది. రేబీస్ టీకా వేయించి ఏడాదవుతోంది, రేపు ఆఫీసు నుంచి త్వరగా వచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.