1966 మస్టాంగ్: వారాంతం ఆటోక్రాస్‌కి, సోమవారం ఆఫీసుకి

నా కారు 1966 ఫోర్డ్ మస్టాంగ్. 289 క్యూబిక్ అంగుళాల వీ8 ఇంజన్, నాలుగు గేర్ల మాన్యువల్. డల్లాస్‌లో వారాంతం ఆటోక్రాస్‌కి వెళ్లాలి, సోమవారం అదే కారులో ఆఫీసుకి వెళ్లాలి. ఈ రెండూ కుదరాలంటే ముందు డబ్బు ఇంజన్ మీద పెట్టకూడదని నా గట్టి అభిప్రాయం.

ఆటోక్రాస్ అంటే ఖాళీ పార్కింగ్ లాట్‌లో కోన్లు పేర్చి, కార్లను విడివిడిగా వదిలి టైమ్ చూసే పోటీ. కోన్ పడిపోతే 2 సెకన్లు కలుపుతారు. చాలావరకు రెండో గేర్‌లోనే అయిపోతుంది. దానికి 289 ధారాళంగా సరిపోతుంది. సరిపోనివి బ్రేకులు, స్టీరింగ్, ముందు చక్రాల పట్టు.

అందుకే బ్రేకులతో మొదలుపెట్టాను. 1966 మోడల్ మాస్టర్ సిలిండర్‌లో (పెడల్ నొక్కితే బ్రేకు ఆయిల్‌ని చక్రాలకి నెట్టేది) ఒకటే గది. ఎక్కడ లీకైనా నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది. 1967 నుంచి రెండు గదులది వచ్చింది, నేనూ అదే పెట్టాను. ముందు చక్రాలకి డ్రమ్ము బ్రేకులు తీసేసి డిస్కు బ్రేకులు వేశాను. పిల్లలు ఎక్కే కారు, అందుకని ఒట్టి నడుము బెల్టులు తీసేసి భుజం మీదుగా వచ్చేవి బిగించాను.

తర్వాతది నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని. ఈ కారు మలుపులో ఒరిగినప్పుడు బయటివైపు ముందు టైరు కూడా బయటికి వంగి, అంచు మీద నడుస్తుంది. ఫోర్డ్ ఇంజినీరు క్లాస్ ఆర్నింగ్ దీనికి చూపిన దారి ఎంతో తేలిక: పై కంట్రోల్ ఆర్మ్ (ముందు చక్రాన్ని బాడీకి కలిపే పై చేయి) బిగించే రంధ్రాలను సుమారు ఒక అంగుళం కిందికి మార్చడం. మస్టాంగ్‌నే పోటీలకి మార్చి చేసిన 1965 షెల్బీ జీటీ350లో అదే చేశారు, అందుకే దీన్ని షెల్బీ డ్రాప్ అంటారు. కావలసింది ఒక టెంప్లేట్, మంచి డ్రిల్ బిట్. కానీ స్ప్రింగ్ ఆ ఆర్మ్ మీదే కూర్చుంటుంది, దాన్ని నొక్కి బయటికి తీయాలి. నాసిరకం స్ప్రింగ్ కంప్రెసర్‌తో ఆ పని అస్సలు చేయొద్దు. జారితే ప్రాణం మీదికి వస్తుంది.

అది అయ్యాక గట్టి స్ప్రింగులు, ఒక అంగుళం మందం ముందు స్వే బార్ (మలుపులో కారు ఒరగడం తగ్గించే కడ్డీ), షాక్ టవర్లు (షాక్ అబ్జార్బర్ల పై చివర బిగించే చోట్లు) కదలకుండా పట్టే బ్రేస్ వేశాను.

అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు సరిచేయించే దగ్గర, మెకానిక్‌తో కొంచెం వాదించాల్సి వచ్చింది. ఫ్యాక్టరీ లెక్కలు ఆనాటి పాత రకం బయాస్ టైర్లకి ఇచ్చినవి, ఇప్పటి రేడియల్ టైర్లకి నప్పవు. నేను అడిగింది క్యాంబర్ (చక్రం పైభాగం వాలే కోణం) మైనస్ 1 డిగ్రీ, అంటే లోపలికి; క్యాస్టర్ (పక్కనుంచి చూస్తే చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలే కోణం) ప్లస్ 3 డిగ్రీలు; టో-ఇన్ (ముందు చక్రాల ముందు అంచులు కాస్త లోపలికి తిరిగి ఉండటం) 1/8 అంగుళం. మైనస్ క్యాంబర్ ఇంకా పెంచితే కోన్ల మధ్య బాగుంటుంది గానీ, రోడ్డు మీద టైరు లోపలి అంచు అరిగిపోతుంది. క్యాస్టర్ వల్ల పార్కింగ్‌లో స్టీరింగ్ బరువెక్కింది. హైవే మీద మాత్రం కారు గీత గీసినట్టు పోతోంది, ఆ బరువు నాకు సమ్మతమే.

ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) వాళ్ల క్లాసిక్ అమెరికన్ మజిల్ తరగతిలో టైర్లకి ట్రెడ్‌వేర్ (అరుగుదలని ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె) కనీసం 200 ఉండాలి. ఆ టైర్లతోనే ఇంటికి రావచ్చు. పోటీ రోజు టైరు అంచున సుద్దముక్కతో గీత గీస్తాను. పరుగు అయ్యాక ఎంతవరకు చెరిగిందో చూసి గాలి సరిచేస్తాను. తనిఖీలో బ్యాటరీ బిగింపు, వీల్ బేరింగులు, బ్రేకు పెడల్, హెల్మెట్ చూస్తారు. మన వంతు వచ్చినప్పుడు ఎండలో నిలబడి, పడిన కోన్లు లేపాల్సిందే.

ఇక మిగిలింది స్టీరింగ్ బాక్స్. ఇప్పుడున్నదానితో స్లాలమ్‌లో, అంటే వరస కోన్ల మధ్య అటూ ఇటూ మళ్లే చోట, స్టీరింగ్ మరీ ఎక్కువగా తిప్పాల్సి వస్తోంది. చలికాలంలో తక్కువ తిప్పితే చాలే 16:1 బాక్స్ వేస్తాను. ఇంజన్ సంగతి ఆ తర్వాతే.