ఫారం అచ్చువేసే ముందు మమ్మల్ని అడగండి

2024 నవంబరులో ఒంటిపూట బడి ముగించుకుని, మధ్యాహ్నం నుంచి ఫారాల కట్ట చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగిన ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్) ఉపాధ్యాయుల్లో నేనూ ఒకడిని. తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వం చేపట్టిన సమగ్ర ఇంటింటి సర్వేలో, అంటే జనం నోట కులగణనగా స్థిరపడిపోయిన సర్వేలో, ఒక్కో గణకుడికి సుమారు 150 ఇళ్లు అప్పగించారు. తొలి మూడు రోజులు ఇళ్లకు స్టిక్కర్లు అంటించి, నవంబరు 9 నుంచి వివరాలు రాసుకోవడం మొదలుపెట్టాం. అడగవలసిన అంశాలు 75. నా వంతుకు నల్గొండ జిల్లా దేవరకొండ దగ్గరి ఒక ఊరు వచ్చింది.

ఆ ఊళ్లో ఒక అవ్వ ఇంటి దగ్గర నాకు గంటకు ఐదు నిమిషాలు తక్కువ పట్టింది. వేపచెట్టు కింద నులకమంచం వాల్చి నన్ను కూర్చోబెట్టి, లోపలి నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి నా ముందు కుమ్మరించింది. ఆధార్ కార్డులో ఆమెకు ఇంటిపేరు ముందుంది, రేషన్ కార్డులో ఇంటిపేరే లేదు, పాసు పుస్తకంలో తండ్రి పేరు ఉండవలసిన చోట భర్త పేరు ఉంది. పుట్టిన తేదీ మాత్రం అన్నింట్లోనూ జనవరి 1. కొడుకూ కోడలూ హైదరాబాదులో సెంట్రింగ్ పనికి పోయి పత్తి ఏరే నెలల్లోనూ సంక్రాంతికీ ఇంటికి వస్తారు, పిల్లలిద్దరూ అవ్వ దగ్గరే చదువుకుంటున్నారు. ఇల్లు ఇక్కడ, కూలి అక్కడ, ఓటు ఇక్కడ, కిరాయి గది అక్కడ. వాళ్లను ఎక్కడి వాళ్లుగా రాయాలో నాకు వెంటనే పాలుపోలేదు. శిక్షణ తరగతిలో చెప్పినదంతా ఒకసారి గుర్తుచేసుకుని, తోటి ఉపాధ్యాయుడికి ఫోను చేసి అడిగి రాశాను.

నేను మూడో పేజీ తిప్పుతుండగా అవ్వ అడిగింది: "గివన్ని పోయినేడు ప్రజాపాలనల రాసిస్తిమి గద సారూ. ఆ కాయితాలన్ని ఏడికి పాయె?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఫారాల్లో ఎన్నో గడులు చూశాను గాని, ఫారం నింపే మనిషి అడిగే ప్రశ్నకు ఒక గడి కేటాయించిన ఫారం నా పద్దెనిమిదేళ్ల ఉద్యోగంలో ఎదురుపడలేదు. ఈ పోస్టు రాయడానికి కారణం అదే. ప్రభుత్వం వివరాలు అడగడం తప్పని నేను అనడం లేదు. ఎవరికి ఎంత భూమి ఉంది, ఎవరి పిల్లలు చదువు మానేశారు, ఏ కులం వాళ్లు ఏ పనుల్లో మిగిలిపోయారు అన్నది తెలియకుండా న్యాయంగా పంచడం కుదరదు, అందుకే ఆ సర్వేలో ఇష్టపడి పనిచేశాను. నా మాట ఒక్కటే. ఏం అడగాలో, ఎలా అడగాలో తేల్చే ముందు, ఆ ఫారం నింపవలసిన వాళ్లనూ, వాళ్ల తరఫున నింపిపెట్టే వాళ్లనూ ఒకసారి అడగాలి.

ప్రభుత్వ పథకాల కోసం తీసుకున్న ప్రజాపాలన దరఖాస్తునే చూడండి. 2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 వరకు ఊరూరా సభలు పెట్టి తీసుకున్నారు. రాష్ట్రమంతటా కోటికి పైగా దరఖాస్తులు వచ్చాయి. మహాలక్ష్మి, రైతు భరోసా, ఇందిరమ్మ ఇళ్లు, గృహజ్యోతి, చేయూత అన్నీ ఒకే ఫారంలో ఉండడం మంచి ఆలోచన, పథకానికో కాగితం పట్టుకుని తిరిగే బాధ తప్పింది. కానీ కొత్త రేషన్ కార్డు కావలసిన వాళ్లకు అందులో చోటు లేదు. అప్పట్లో ఊళ్లలో అన్నింటికంటే ఎక్కువ మంది ఎదురుచూసింది దానికోసమే. చివరికి తెల్లకాగితం మీద విడిగా రాసి ఇవ్వమన్నారు. ఆ పది రోజులూ సాయంత్రం బడి అరుగు మీద కూర్చుని నేను రాసిపెట్టిన వాటిలో తెల్లకాగితాలే ఎక్కువ. ఫారాన్ని అచ్చుకు పంపే ముందు నాలుగు మండలాల్లో, మండలానికి ఒక ఊరి చొప్పున పదిమందికి ఇచ్చి నింపమని ఉంటే, మొదటి గంటలోనే ఎవరో ఒకరు "రేషన్ కార్డుది యాడ రాయాలె?" అని అడిగి ఉండేవారు.

గడి లేకపోతే ఏమవుతుందో తెలంగాణ రైతుకు వేరే చెప్పనక్కరలేదు. పాత పహాణీలో, అంటే ఊరి భూముల రికార్డులో, పట్టాదారు పేరు పక్కన అనుభవదారు కాలమ్ ఒకటి ఉండేది. పట్టా ఎవరి పేరున ఉన్నా, దున్నుతున్నది ఎవరో ఆ కాలమ్ చెప్పేది. 2020 అక్టోబరు 29న భూరికార్డుల పోర్టల్ ధరణి మొదలయ్యాక ఆ కాలమ్ కనిపించకుండా పోయింది. తాతల నాడు తెల్లకాగితం మీద కొనుక్కుని సేద్యం చేసుకుంటున్న వాళ్లకు, పాలు పంచుకుని కాగితం మార్చుకోని అన్నదమ్ములకు, తాము ఆ భూమిలో ఉన్నామని చెప్పే ఒకే ఒక ప్రభుత్వ కాగితం లేకుండా పోయింది. చట్టంలోని సెక్షన్ల గురించి పట్నంలో ఎంత చర్చ జరిగినా, మా వైపు రచ్చబండల మీద వినిపించింది ఆ కాలమ్ సంగతే. ఫారం రూపం అనేది గుమాస్తాల వ్యవహారం కాదని నాకు అప్పుడు బాగా అర్థమైంది.

ఈ విషయంలో మరో దేశపు పద్ధతి ఒకటి నా కంటపడింది. మా పక్కింటి అబ్బాయికి అమెరికా చదువు వీసా కోసం డీఎస్-160 దరఖాస్తు నింపడంలో తోడు కూర్చున్నాను. నల్గొండ జిల్లాలో ఈ దరఖాస్తు పేరు తెలియని డిగ్రీ కాలేజీ పిల్లలు ఇప్పుడు తక్కువే. అందులో ఓఎంబీ నంబరు అని ఒక అంకె, దానికి ఒక గడువు, ఫారం నింపడానికి సగటున ఎన్ని నిమిషాలు పడుతుందన్న అంచనా కనిపించాయి. జనం సమయాన్ని లెక్కగట్టి ఫారం మీదే అచ్చువేయడం నేనెన్నడూ చూడలేదు. ఆ రాత్రి కూర్చుని దాని వెనక ఉన్న చట్టాన్ని చదివాను.

పేపర్‌వర్క్ రిడక్షన్ యాక్ట్ అనే ఆ చట్టం 1980 నాటిది, 1995లో దాన్ని తిరగరాశారు. దాని ప్రకారం అక్కడి కేంద్ర ప్రభుత్వ శాఖ ఏదైనా పదిమందిని గాని, అంతకంటే ఎక్కువ మందిని గాని ఒకే రకం ప్రశ్నలు అడగదలిస్తే, ముందుగా తమ గెజిట్ లాంటి ఫెడరల్ రిజిస్టర్‌లో ప్రకటన ఇచ్చి 60 రోజుల పాటు ప్రజల అభిప్రాయాలు తీసుకోవాలి. వచ్చిన అభిప్రాయాలను పరిశీలించి, ఆ ప్రతిపాదనను అధ్యక్షుడి కార్యాలయంలో భాగమైన ఓఎంబీకి (ఆఫీస్ ఆఫ్ మేనేజ్‌మెంట్ అండ్ బడ్జెట్) పంపేటప్పుడు మళ్లీ 30 రోజుల గడువు ఇవ్వాలి. ప్రజలను అడిగేవి కూడా సూటిగా ఉంటాయి: ఈ సమాచారం నిజంగా అవసరమా, దానివల్ల పని జరుగుతుందా, దీనికి పడుతుందని మేము వేసిన సమయం అంచనా సరైనదేనా, ప్రశ్నలను ఇంకా స్పష్టంగా ఎలా అడగవచ్చు, జనం మీద భారం ఎలా తగ్గించవచ్చు. అనుమతి ఇచ్చినా మూడేళ్లకు మించి ఇవ్వరు, ఆ తర్వాత మళ్లీ మొదటి నుంచి అడగవలసిందే. అన్నింటికంటే నన్ను ఆకట్టుకున్నది మరొకటి: చెల్లుబాటు అయ్యే నంబరు లేని ఫారం నింపలేదని ఎవరినీ శిక్షించడానికి వీల్లేదు.

అడిగినంత మాత్రాన వింటారని కాదు. వీసా కోరే వాళ్లందరూ గత ఐదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాల పేర్లు ఇవ్వాలన్న ప్రతిపాదనను 2018 మార్చిలో అదే పద్ధతిలో ప్రకటించారు. అభ్యంతరాలు వచ్చాయి. అయినా 2019లో ఆ ప్రశ్న ఫారంలోకి వచ్చి కూర్చుంది. మన పిల్లలు ఇప్పుడు దానికి జవాబు రాస్తూనే ఉన్నారు. అయితే ఆ ప్రశ్న రాబోతోందని ఏడాది ముందే లోకానికి తెలిసింది, ఎందుకు వద్దో చెప్పిన వాళ్ల మాటలు రికార్డులో ఉన్నాయి. మా అవ్వ అడిగిన ప్రశ్నకు ఆ మాత్రం ఆధారమైనా ఎక్కడా లేదు.

మనకు ఏమీ లేదని అనుకోవడం కూడా సరికాదు. సమాచార హక్కు చట్టం 2005లోని నాలుగో సెక్షన్ ప్రకారం, విధానాలను రూపొందించేటప్పుడే కాకుండా వాటి అమలులోనూ ప్రజలను సంప్రదించడానికి ఎలాంటి ఏర్పాటు ఉందో ప్రతి కార్యాలయం తనంతట తాను ప్రకటించాలి. అమలు అన్న మాట ఆ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది, ఫారం కంటే అమలుకు దగ్గరి విషయం ఏముంటుంది? ఇక ముసాయిదా చట్టాలను కనీసం 30 రోజులు ప్రజల ముందు ఉంచాలని కేంద్ర ప్రభుత్వం 2014లో ఒక విధానం ప్రకటించింది. అది విధానమే గాని చట్టం కాదు, పైగా అది చట్టాలకూ నియమాలకూ ఉద్దేశించినది, మామూలు దరఖాస్తు ఫారం దాని పరిధిలోకి రాదు.

భాష సంగతి మరీ ముఖ్యం. గనులూ ఫ్యాక్టరీల లాంటి వాటి అనుమతులకు సంబంధించిన పర్యావరణ ప్రభావ మదింపు ముసాయిదా 2020లో వచ్చినప్పుడు, దాన్ని రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లోకీ అనువదించాలని ఢిల్లీ హైకోర్టు చెప్పవలసి వచ్చింది. గనులకూ ఫ్యాక్టరీలకూ జరిగే ప్రజాభిప్రాయ సేకరణ సభలు మా జిల్లాకు కొత్త కాదు. దేవరకొండ, పెద్దగట్టు ప్రాంతాల వాళ్లకు యురేనియం గనుల ప్రతిపాదన రోజుల నుంచీ ఆ అనుభవం ఉంది. అర్థం కాని భాషలో ఉన్న కాగితం మీద అభిప్రాయం చెప్పమనడం, చెప్పవద్దనడంతో సమానం. వ్యక్తిగత డేటా రక్షణ నియమాల ముసాయిదాను 2025 జనవరి 3న ప్రకటించినప్పుడు అభిప్రాయాలను కేంద్ర ప్రభుత్వపు మైగవ్ వెబ్‌సైట్‌లోనే తీసుకున్నారు, వచ్చిన వాటిని బయటపెట్టబోమని కూడా ముందే చెప్పారు. మన ఆధార్ జిరాక్సులు ఎవరి చేతుల్లో ఎన్నాళ్లు ఉండవచ్చో తేల్చే నియమాల మీద ఎవరు ఏమన్నారో మనకు తెలియదు.

మంచి ఉదాహరణ కూడా మన దగ్గరే ఉంది. కొత్త భూమి హక్కుల చట్టం ముసాయిదాను 2024 ఆగస్టులో భూపరిపాలన ప్రధాన కమిషనర్ వెబ్‌సైట్‌లో పెట్టి, ఈమెయిల్ ద్వారానూ పోస్టు ద్వారానూ సూచనలు పంపడానికి సుమారు మూడు వారాల గడువు ఇచ్చారు. ఆ సూచనలు చూశాకే బిల్లుకు తుదిరూపం ఇచ్చి, డిసెంబరులో శాసనసభలో ఆమోదించారు. 2025 ఏప్రిల్ 14న ఆ చట్టం కింద ధరణి స్థానంలో భూభారతి మొదలైంది, పాలమూరు వైపు నారాయణపేట జిల్లా మద్దూరు మండలం తొలి విడత ప్రయోగానికి ఎంపికైన నాలుగు మండలాల్లో ఒకటి. చట్టం విషయంలో చేసిన ఈ పనిని ఫారాల విషయంలోనూ చేయడానికి కొత్త శాఖ గాని, పెద్ద బడ్జెట్ గాని అక్కర్లేదు. నెలరోజుల ముందు పంచాయతీ ఆఫీసు గోడకు నమూనా ఫారం అంటించి, గ్రామసభలో చదివి వినిపించి, వచ్చిన మాటలను కార్యదర్శి రాసి పంపితే చాలు.

ఆ భూమి హక్కుల ముసాయిదా మీద నేను పంపిన పోస్టు ఉత్తరం ఒకటిన్నర పేజీలు ఉంటుంది. చట్టం మొత్తం మీద వ్యాఖ్యానించే చదువు నాకు లేదు కాబట్టి, అనుభవదారు వివరం మళ్లీ నమోదు చేయాలని, పేరులో తప్పు దిద్దించుకోవడానికి ఏ కాగితాలు కావాలో ఫారం వెనకవైపునే తెలుగులో అచ్చువేయాలని మాత్రమే రాశాను. ఇలాంటి ఉత్తరాలు రాయాలనుకునే మిత్రులకు నా అనుభవంతో చెప్పేది ఇదే: "ఈ ఫారం బాగాలేదు" అని రాయకండి, ఏ పేజీలో ఎన్నో ప్రశ్న అని రాయండి. దాన్ని నింపడానికి ఒక మనిషికి ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాయండి. ఎన్నిసార్లు మండలానికి పోవలసి వచ్చింది, ఆటోకు ఎంత, జిరాక్సుకు ఎంత, ఎన్ని రోజుల కూలి పోయింది అన్నది లెక్కకట్టి రాయండి. 2014 ఆగస్టు 19 నాటి సమగ్ర కుటుంబ సర్వేకు పేరు ఎక్కడ తప్పిపోతుందోనన్న భయంతో ముంబై, పుణె నుంచి బస్సులెక్కి వచ్చిన పాలమూరు కూలీల ఖర్చును అప్పట్లో ఎవరైనా రాసిపెట్టి ఉంటే, ఆ తర్వాతి సర్వేలకు అది పనికివచ్చేది.

దేశ జనగణన ముందుంది, దానికి 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు. 1948 జనగణన చట్టం ప్రకారం అడిగినదానికి జవాబు చెప్పడం మన బాధ్యత, అందులో సందేహం లేదు. ఆ తర్వాత రాష్ట్రంలో ఇంకేదో పథకం వస్తుంది, దానికి ఇంకో ఫారం వస్తుంది. అందుకని దసరా సెలవుల్లో ఒక పని చేశాను. అవ్వ ఇంటికి మళ్లీ పోయి, ఇప్పటివరకు ఆమె ఏ ఏ దరఖాస్తులు ఇచ్చిందో, ఒక్కో దానికి ఎంత సమయం, ఎంత డబ్బు పోయిందో ఆమె చెబుతుంటే రెండు పేజీలు రాశాను. చివర, ఒకసారి ఇచ్చిన వివరాలను మళ్లీ అడిగేటప్పుడు పాతవి ఎదుట పెట్టి మార్పులు మాత్రమే అడగాలని ఆమె మాటగా చేర్చి, కలెక్టరు గారికి చిరునామా రాశాను.

అవ్వ మొత్తం చదివించుకుని విని, "అంతే, గిట్లనే రాయి" అని కింద వేలిముద్ర వేసింది. నేను కాగితం మడిచి కవరులో పెడుతుంటే, ఆమె లోపలికి పోయి ప్లాస్టిక్ కవరు మళ్లీ పట్టుకొచ్చింది. దీనికి ఆధార్ జిరాక్సు పెట్టాల్నా, రేషన్ కార్డు జిరాక్సు పెట్టాల్నా అని అడిగింది. దీనికేమీ అక్కర్లేదవ్వా అని రెండుసార్లు చెప్పాను. అయినా ఎందుకైనా మంచిదని ఒక జిరాక్సు తీసి నా చేతిలో పెట్టింది.