భీమిలి దాటాక సముద్రం

విశాఖ నుంచి భీమిలి దాకా ఉన్న బీచ్ రోడ్డు అలాగే సాగిపోయి ఇచ్ఛాపురం చేరుస్తుందని చాలామంది అనుకుంటారు. చేర్చదు. భీమిలి దగ్గర గోస్తనీ, కోనాడ దగ్గర చంపావతీ, ఆ పైన నాగావళీ, వంశధారా, బారువ దగ్గర మహేంద్రతనయా, చివర్న ఇచ్ఛాపురం దగ్గర బాహుదా. ఇన్ని నదులు సముద్రంలో కలిసే తీరం ఇది. ఏరు కలిసేచోట పెద్ద వంతెన ఎవరు కడతారు? అందుకే ఉత్తరాంధ్ర తీరం చూడాలంటే హైవే మీద కొంతదూరం పోవాలి, కుడివైపుకి తిరిగి సముద్రం దాకా దిగాలి, మళ్లీ వెనక్కొచ్చి హైవే ఎక్కాలి. మ్యాపులో మా దారి గీసి చూస్తే దువ్వెన పళ్లలా వచ్చింది. ఒకందుకు అదే మేలైంది. ఒక పంటి నుంచి ఇంకో పంటికి గబగబా దూకలేం కాబట్టి ఎక్కడికక్కడ ఆగక తప్పలేదు.

ఈ ప్రయాణం అమ్మ కోసం వేసుకున్నది. మోకాళ్ల నొప్పులు, ఎక్కువసేపు కారులో కూర్చుంటే కాళ్లు వాస్తాయి. మాది బాపట్ల వైపు. సూర్యలంక మాకు గుమ్మం ముందున్నట్టే, కానీ శనివారం వచ్చిందంటే హైదరాబాద్ కార్లతో అక్కడ కాలు పెట్టే చోటుండదు. జనం లేని సముద్రం చూపించమంది అమ్మ. అందుకని ముందే ఒక మాట అనుకున్నాం: రోజుకు ఒక్క ఊరే, పొద్దుగూకే లోపు గదికి చేరాలి, గుడి అయినా గుట్ట అయినా మెట్లు ఎక్కువుంటే అమ్మ కింద కూర్చుంటుంది, నేనూ మా ఆయనా ఎక్కి వస్తాం. మాఘం దాటాక బయల్దేరాం. తుఫాన్ల కాలం కాదు, ఎండ ఇంకా ముదరలేదు. చేపల మీద మనసున్నవాళ్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. ఆ రోజుల్లో వెళ్తే కంచంలోకి చేప వచ్చినా ఐస్‌లోదే వస్తుంది.

ఋషికొండ వైపు గురించి ఎక్కువ రాయను. సముద్రం అందంగా ఉంది, 2020లో బ్లూ ఫ్లాగ్ వచ్చిన బీచ్, శుభ్రంగానే ఉంది. ఆ ఒడ్డునే ఒక హోటల్లో ఫిల్టర్ కాఫీకి 120 రూపాయలు తీసుకున్నారు. సముద్రం కనిపించే టేబుల్ కావాలంటే వేరే రేటట. గాజు అద్దం వెనక నుంచి చూసే సముద్రానికి రేటేమిటని మా ఆయన అడిగితే, సర్వ్ చేసే కుర్రాడు ఇబ్బందిగా నిలబడ్డాడు. అతని తప్పేముంది. ఎర్రమట్టి దిబ్బల దగ్గర మాత్రం గంటకు పైగా ఉన్నాం. వేల ఏళ్లుగా గాలీ అలలూ కలిసి పోగేసిన ఇసుక అది, వానకు కోసుకుపోయి గల్లీలు గల్లీలుగా నిలబడింది. జియో హెరిటేజ్ స్థలమని గుర్తింపుంది. అయినా అంచుల్లో తవ్విన గుర్తులు కనిపిస్తూనే ఉన్నాయి. ఒకసారి చదును చేస్తే మళ్లీ ఎవరు తెచ్చి పోస్తారు ఆ దిబ్బల్ని?

భీమిలిలో పొద్దున్నే ఒడ్డుకెళ్లాం. పడవలు వచ్చే వేళ. డచ్చివాళ్ల సమాధులూ, పాత లైట్‌హౌసూ, 1861 నాటి మున్సిపాలిటీ, ఇవన్నీ ఊళ్లో ఎవర్నడిగినా చెబుతారు. అమ్మ అవేవీ అడగలేదు. చేపలమ్మే ఆవిడ దగ్గర కానాగంతలు బేరమాడుతూనే, "తుఫాను షెల్టర్ ఎక్కడుందమ్మా?" అంది. ఆవిడ చేత్తో చూపించింది. అమ్మ అటు చూసి, మెట్లు ఎటువైపున్నాయో కూడా చూసుకుంది. ఆ తర్వాత ఆగిన ప్రతి ఊళ్లోనూ ఇదే ప్రశ్న. మొదట్లో నేను పెద్దగా పట్టించుకోలేదు. అమ్మ పుట్టిల్లు దివిసీమ. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన మా ఇంట్లో ఎప్పుడూ ఉన్న విషయమే, కానీ దాని గురించి మాట్లాడటం మాత్రం లేదు.

చింతపల్లి బీచ్‌కి వెళ్లేవాళ్లు జాగ్రత్త. లంబసింగి దారిలోని ఏజెన్సీ చింతపల్లి కాదిది, పూసపాటిరేగ మండలంలోది. ఫోన్లో పేరు కొట్టి బయల్దేరితే కొండలెక్కిస్తుంది. ఇక్కడా లైట్‌హౌస్ ఉంది, సరుగుడు తోటలున్నాయి, మధ్యాహ్నం పూట మనుషులే లేరు. ఆడవాళ్లకు బాత్రూమూ లేదు. ఈ తీరం మొత్తం మీద నా కోపమంతా దీని గురించే. రంగురంగుల అక్షరాలతో ఊరి పేరు రాసి 'ఐ లవ్' అని బోర్డు పెట్టడానికి దొరికిన డబ్బు ఒక బాత్రూముకీ, దానికో కుళాయికీ దొరకదా? ఉన్న ఒకటి రెండు చోట్ల తాళం వేసి ఉంటుంది, తాళం ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీదు. షుగరున్న మనిషిని వెంటబెట్టుకుని తిరిగేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. ప్రతిసారీ హైవే మీద పెట్రోలు బంకు దాకా వెనక్కి రావాల్సొచ్చింది. మీరు దారి వేసుకునేటప్పుడు బీచ్‌ల కంటే ముందు బంకులు గుర్తుపెట్టుకోండి.

శ్రీకూర్మంలో దర్శనం బాగా జరిగింది. స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, గుడికి రెండు ధ్వజస్తంభాలు. వెనక నక్షత్ర తాబేళ్లకు ఆకుకూర పెట్టి అమ్మ చాలాసేపు అక్కడే ఉండిపోయింది. కళింగపట్నం వెళ్లేసరికి సాయంత్రమైంది. ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు. 1876లో కట్టిన లైట్‌హౌస్ ఇంకా ఉంది, రేవు లేదు. వంశధార కలిసేచోట నీళ్లు రెండు రంగుల్లో కనిపిస్తాయి, చూడ్డానికి ఎంత బాగుంటుందో దిగడానికి అంత ప్రమాదం. అడుగున లాగుడు ఎటుంటుందో తెలీదని అక్కడి జాలరి ఒకాయన మా ఆయన్ని మోకాలి లోతు దాటనివ్వలేదు. మర్నాడు శాలిహుండం ఎక్కాం. 1919లో ఈ కొండ మీది బౌద్ధ శిథిలాలను లోకం దృష్టికి తెచ్చింది మన గిడుగు రామమూర్తి పంతులుగారు. వ్యావహారిక భాష కోసం, సవరల కోసం అంత చేసిన మనిషి దీనికి కూడా తీరిక చేసుకున్నారంటే ఆశ్చర్యమేసింది. పైనుంచి చూస్తే వంశధార వంపు తిరిగి సముద్రం వైపు పోవడం మొత్తం కనిపిస్తుంది.

అక్కణ్ణుంచి శ్రీకాకుళం మీదుగా మళ్లీ హైవే ఎక్కాం. టెక్కలి దగ్గర దిగితే తేలినీలాపురం. ఊరి మధ్యలో చింతచెట్ల మీద గూడబాతులు, రంగు కొంగలు. ఆ వాసనా ఆ గోలా భరిస్తూ ఊరివాళ్లు వాటి జోలికి పోరు, అవి వస్తే ఊరికి మంచిదని నమ్మకం. ఇంకొంచెం ముందుకెళ్తే నౌపడ ఉప్పు మడులు. కొత్త ఉప్పు అప్పుడప్పుడే తెల్లగా పేరుతోంది. గట్టు మీద తాటాకులు కప్పిన కుప్పలున్నాయి, అవి పాతవి. అమ్మ ఒక కుప్ప దగ్గర వంగి రెండు ఉప్పు కల్లు నోట్లో వేసుకుంది, ఇంకో కుప్ప దగ్గరికెళ్లి మళ్లీ వేసుకుంది. "ఇది ఇవ్వు నాయనా, ఇది వానకు తడిసి చేదు వదిలిన ఉప్పు. ఆవకాయ నల్లబడదు" అని కుర్రాడితో ఒక బస్తా కట్టించింది. ఊళ్లో కిరాణా కొట్టు ధరలో నాలుగో వంతు కూడా తీసుకోలేదతను. రోజంతా ఉప్పు నీళ్లలో నిలబడ్డ ఆ పాదాలు చూశాక బేరమాడబుద్ధి కాలేదు. మూలపేట పోర్టు పనులకు వెళ్లే లారీలు పక్కనుంచి దుమ్ము లేపుతూ పోతున్నాయి.

ఇక ఉద్దానం. పలాస దాటి వజ్రపుకొత్తూరు వైపు దిగితే కొబ్బరి, జీడి, పనస కలిసిన తోటలు. చిన్నప్పుడు పుస్తకంలో కోనసీమ అని చదువుకున్నదంతా ఇక్కడా ఉందే అనిపించే పచ్చదనం. అయితే కాస్త గమనిస్తే కొబ్బరిచెట్లు రెండే రకాలు: ఆకాశానికి అంటుకున్నవి అక్కడొకటీ అక్కడొకటీ, మిగతావన్నీ మనిషి చెయ్యెత్తితే గెల అందే ఎత్తులో. నడిమి వయసు చెట్టు లేదు. బొండాల కోసం ఒక తోట దగ్గర ఆగాం. యాభై దాటిన ఆవిడ, కొప్పులో బంతిపువ్వు, కత్తి తెచ్చి బొండాలు కొడుతోంది. అమ్మ మామూలు ప్రశ్న వేసింది, షెల్టర్ ఎంత దూరమని. ఆవిడ కత్తి ఆపేసింది.

"ఏటమ్మా, మీకూ తుఫాను తెలుసేటి?"

"మాది దివిసీమ" అంది అమ్మ.

ఆవిడకి ఇంకేం చెప్పక్కర్లేకపోయింది. లోపలికెళ్లి నవారు మంచం తెచ్చి నీడలో వేసింది. "కూకోండమ్మా, కూకోండి." అరగంటలో లేవాలనుకున్న మేం మధ్యాహ్నం భోజనం కూడా అక్కడే చేశాం.

తిత్లీ తుఫాను 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఈ తీరాన్ని దాటింది. మామగారి నాటి తోట, ఒక్కో చెట్టుకి పేరుండేదట. రాత్రంతా ఇంట్లో కూర్చుని చెట్టు పడిన చప్పుడు వినబడ్డప్పుడల్లా అది ఏ చెట్టో మామగారు చెబుతూ వచ్చారు. "తెల్లారేసరికి సెప్పడం మానీసినారు" అంది ఆవిడ. బయటికొచ్చి చూస్తే తోట నేదు, దారి నేదు, కరెంటు నేదు. పడిన చెట్లు కోసి తీసుకెళ్లేవాడు లేక మొద్దులు ఏడాదిపాటు పడున్నాయి. జీడి చెట్లు వేళ్లతో లేచిపోయాయి. కొబ్బరి మొక్క పెడితే కాయ చూడ్డానికి ఆరేడేళ్లు. మగాళ్లు చెన్నైకీ, హైదరాబాద్‌కీ కూలికెళ్లారు. ఆ పొట్టి చెట్లు అప్పుడు పెట్టినవి, ఇప్పుడే కాపుకొస్తున్నాయి. మేం తాగిన బొండాలు వాటివే.

అమ్మ అంతా విని, ఎప్పుడూ నాతో చెప్పని సంగతులు ఆవిడతో చెప్పింది. సాయంత్రానికే గాలి మొదలైందనీ, నీళ్లు వస్తాయని ఎవరూ అనుకోలేదనీ, కరణంగారి మేడ మీదికి తాతయ్య ఒక్కొక్కర్నీ ఎక్కించాడనీ, తనని చివర్న ఎక్కించి పశువుల్ని విప్పడానికి మళ్లీ దిగాడనీ. తాతయ్య ఉప్పెనలో పోయాడని నాకు తెలుసు. పశువుల కోసం దిగాడని తెలీదు. ఇన్నేళ్లుగా అమ్మ ఆవుకి తౌడు పెడుతూ ఎందుకు మాట్లాడదో అప్పుడు అర్థమైంది.

"మిమ్మల్ని నీళ్లు దెబ్బతీసినాయి, మమ్మల్ని గాలి" అంది ఆవిడ. "గాలి నయమే, మనుషుల్ని ఒగ్గీసింది."

బోరు నీళ్లు మాత్రం మాకు పొయ్యలేదు. ఈ నీళ్లు తాగొద్దని క్యాన్ నీళ్లు తెప్పించింది. ఉద్దానం కిడ్నీ జబ్బుల సంగతి అందరికీ తెలిసిందే, వాళ్ల ఇంట్లోనూ ఒకరు డయాలసిస్‌కి పలాస వెళ్లొస్తున్నారు. అన్నంలోకి నెత్తళ్ల వేపుడూ, పనసపొట్టు కూరా పెట్టింది. డబ్బులు ఎంత చెప్పినా తీసుకోలేదు. అమ్మ నౌపడ ఉప్పు బస్తాలో సగం తీసి ఆవిడకిచ్చింది. ఊరి పక్కనే దొరికే ఉప్పు అని నేనంటే, "పాత ఉప్పు ఏరి తెచ్చినది, ఉండనీ" అని ఆవిడే నన్ను ఆపింది. ఇద్దరూ ఫోన్ నంబర్లు రాసుకున్నారు. ఇప్పుడు వారానికోసారి మాట్లాడుకుంటున్నారు, ఎక్కువగా మోకాళ్ల గురించే.

బారువలో పెద్దవల లాగడం చూశాం. రెండు తాళ్లు, ఒక్కోదానికి పది పదిహేను మంది, ఇసుకలో మడమలు దిగేసి వెనక్కి నడుస్తూ. వల ఒడ్డుకొచ్చేదాకా గంట పట్టింది. తీరా వచ్చింది రెండు తట్టల చిన్న చేప. ఎవరి వాటా వాళ్లు పట్టుకెళ్లారు, మళ్లీ వల సర్దడం మొదలెట్టారు. 1917లో మునిగిన చిల్కా ఓడ ఇక్కడి సముద్రంలోనే ఉందట, దాని దగ్గరికి డైవింగుకి వెళ్లేవాళ్లున్నారు. మాకు వల చాలు. ఇచ్ఛాపురం దాకా వెళ్లి, బాహుదా దాటకుండా వెనక్కి తిరిగాం. రాత్రులు మాత్రం టెక్కలిలోనూ పలాసలోనూ లాడ్జీల్లోనే, బీచ్ పక్కన గది కోసం వెతుక్కుని లాభం లేదు. తిరుగుదారిలో దువ్వెన పళ్లు లేవు, హైవే మీద ఒక్క పూటలో విశాఖ వచ్చేసింది.

అన్నవరం దగ్గర టీ తాగుతుంటే, వచ్చే మాఘ పౌర్ణమికి హంసలదీవి వెళ్దామంది అమ్మ. కృష్ణ సముద్రంలో కలిసేచోట స్నానాలకు ఆ రోజు జనం విరగబడతారు, జనం లేని సముద్రం కావాలన్నావు కదా అంటే, అక్కడ జనం ఉండాల్సిందేనంది. కోడూరు మీదుగా వెళ్లాలి. తిరనాళ్లప్పుడు అక్కడ గది దొరకడం కష్టం. అవనిగడ్డలో ఇప్పుడే చెప్పి ఉంచమని మా ఆయనతో అన్నాను.