పాటలో నా గొంతే, వీడియోలో నా ముఖమే

కరీంనగర్ చుట్టుపక్కల యూట్యూబ్ ఛానళ్లకు చాలా ఏళ్లుగా జానపద పాటలు పాడుతున్నాను. ట్రాక్ వాట్సాప్‌లో వస్తుంది. ఇంట్లో ప్రాక్టీస్ చేసి, స్టూడియోకి వెళ్లి పాడి వస్తాం. డబ్బులు ఫోన్‌పేలో పడతాయి, అక్కడితో మన పని అయిపోతుంది. కొన్నాళ్లకు వీడియో వస్తుంది. అందులో ఇంకో అమ్మాయి పొలం గట్టు మీద నా గొంతుకు పెదవులు కలుపుతూ ఆడుతుంది. నా పేరు కింద డిస్క్రిప్షన్‌లో ఉంటుంది, అది ఎంతమంది తెరిచి చూస్తారు? పాట ఊరూరా మోగినా, ఏదైనా ఫంక్షన్‌కి వెళ్తే "గా పాటల చేసిన పిల్ల రాలేదా అక్కా?" అని నన్నే అడిగేవాళ్లు.

ఆ అమ్మాయిల మీద నాకు కోపం లేదు. ఎర్రటి ఎండలో, పట్టు బట్టల్లో, ఒకే స్టెప్పు మళ్లీ మళ్లీ వేస్తారు. వాళ్లకు పేరు రావడం న్యాయమే. నా బాధ వేరు. మా లాంటి వాళ్లకు బతుకుదెరువు స్టేజీ ప్రోగ్రాముల్లో ఉంటుంది. ప్రోగ్రాం పెట్టేవాళ్లు ఫ్లెక్సీ మీద జనం గుర్తుపట్టే ముఖం వేసుకుంటారు. గొంతును ఫ్లెక్సీ మీద ఎలా వేస్తారు? అంటే నేను పాడే ప్రతి వీడియో ఎవరికో ఒకరికి ప్రచారం చేస్తోంది, నాకు తప్ప.

సినిమాల నుంచి వచ్చిన అలవాటు ఇది. దూరదర్శన్‌లో శుక్రవారం చిత్రలహరి వచ్చే రోజుల్లో మేం హీరో హీరోయిన్లను చూసేవాళ్లం. పాడిందెవరో రేడియోలో చెబితే తెలిసేది. ఇప్పుడు సినిమా వాళ్లే మారారు. 2019లో 'సామజవరగమన' లిరికల్ వీడియో వచ్చినప్పుడు అందులో సిద్ శ్రీరామ్ కనిపిస్తూ పాడాడు. సినిమా ఇంకా రాకముందే ఆ గొంతుకు ఒక ముఖం వచ్చేసింది. మన దగ్గర మంగ్లిని చూడండి. పండుగ పాటలు తనే పాడి, తనే తెర మీద నిలబడింది. పాట ఎక్కడ మోగినా జనానికి ఆమే కళ్ల ముందు మెదులుతుంది. నేనూ ఒక్క పాటన్నా అలా చేయాలని పట్టుబట్టాను. చీటీ ఎత్తిన డబ్బులు చేతిలో ఉన్నాయి. మా ఆయన "సరే, చెయ్యి" అన్నాడు.

పాట మా దగ్గరి ఊరి అన్న ఒకాయన రాశాడు. పెళ్లయిన బిడ్డ బతుకమ్మకు తల్లిగారింటికి వస్తూ తొవ్వ పొడుగునా గుర్తు చేసుకునే సంగతులు అందులో ఉంటాయి. రికార్డింగ్‌కు ముందే కాగితం రాసుకున్నాం. మాటలు ఎవరివి, బాణీ ఎవరిది, వచ్చిన దాంట్లో ఎవరికెంత అన్నీ అందులో పెట్టాం. మాలో చాలామంది నోటి మాట మీదే పని చేస్తారు, అందుకే ఇది గట్టిగా చెబుతున్నాను. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించినప్పుడు రాసినవాళ్లకు, బాణీ కట్టినవాళ్లకే కాదు, పాడినవాళ్లకు కూడా రాయల్టీ హక్కు ఇచ్చారు. కాగితం లేకపోతే ఆ హక్కు అడగడానికి కూడా ఆధారం ఉండదు.

అసలు వాదన వీడియో దగ్గర వచ్చింది. కెమెరా చేసే అన్న పెళ్లిళ్ల షూటింగుల్లో చేయి తిరిగినవాడు, ఫోక్ సాంగ్స్ కూడా చేస్తాడు. "అక్కా, నువ్వు పాడు. మంచి ఆర్టిస్టును పెడదాం. నువ్వు కనవడితే వ్యూస్ రావు" అన్నాడు. ఆయన అనుభవంతో చెప్పిన మాటే. చూసేవాళ్లు వయసు, అందం, డ్యాన్స్ చూసి క్లిక్ చేస్తారని ఆయన లెక్క. నేను ఒక్కటే అడిగాను: ఈ పాటలో ఉన్నది పెళ్లై, పిల్లలున్న ఆడమనిషి కదా, నేనెందుకు పనికిరాను? చివరికి ఇద్దరం ఒక దగ్గరికి వచ్చాం. పల్లవి, చరణాలు నా మీదే తీయాలి. మధ్యలో మ్యూజిక్ బిట్లలో డ్యాన్స్ చేసే పిల్లలు వస్తారు, వాళ్ల పేర్లు కూడా తెర మీద పడాలి.

ఇంకో నిర్ణయం ఛానల్ గురించి. పెద్ద ఛానల్‌కి ఇస్తే మొదటి రోజే వేలమంది చూస్తారు, కానీ పాట వాళ్లదైపోతుంది. సొంత ఛానల్ అయితే పాట మనదే. కానీ వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వాచ్ టైమ్ వచ్చేదాకా యాడ్స్ మీద పైసా రాదు. డబ్బులు రాకపోయినా పేరు నిలబడితే చాలనుకుని సొంత ఛానలే పెట్టాను.

షూటింగ్‌లో నేర్చుకున్నవి చాలా ఉన్నాయి. మొదటిది, ఊరికే పెదవులు కదిపితే కెమెరాకు తెలిసిపోతుంది. మెడ నరాలు కదలవు, ఊపిరి తీసుకోవడం కనబడదు. స్పీకర్‌లో పాట వస్తున్నా నేను ప్రతి షాట్‌లో గొంతెత్తి పాడాను. వీడియోలో పాడే మనిషే కనిపించడంలో ఉన్న బలం అక్కడే ఉంది, ఎంత మంచి ఆర్టిస్టుకైనా ఆ ఊపిరి పట్టు దొరకదు. రెండోది స్లో మోషన్. కెమెరాలో సెకనుకు 50 ఫ్రేములు పెట్టి తీసి, ఎడిటింగ్‌లో 25 మీద నడిపిస్తే కదలిక సగం వేగానికి వస్తుంది. మరి పెదవులు పాటతో కలవాలి కదా? అందుకని షూటింగ్‌లో పాటను రెండింతల వేగంతో వేస్తారు. ఆ వేగంలో పాడుతూ ముఖంలో మాత్రం నెమ్మది చూపించాలి. నా ప్రాణం అలిసిపోయింది కానీ, జడలో పూలు ఊగుతూ నేను గడప దాటే ఆ షాటే ఇప్పుడు అందరూ స్టేటస్ పెట్టుకుంటున్నారు.

చీర విషయంలో నేను ఎవరి మాటా వినలేదు. సిద్దిపేట గొల్లభామ చీర కట్టుకున్నాను. తలమీద కుండ పెట్టుకున్న గొల్లభామ బొమ్మలు దూరం నుంచి తీస్తే కనిపించవని కెమెరా అన్న అంటే, కొంగును దగ్గరగా తీయించాను. కామెంట్లలో "గా చీర ఏడ దొరుకుతది అక్కా" అని అడిగినవాళ్లు బోలెడు మంది.

ఎడిటింగ్‌కి కూర్చున్నప్పుడు ఎడిటింగ్ చేసే తమ్ముడు మొదటి కట్‌లోనే డ్రోన్ షాట్లు, బ్యానర్ పేరు, సమర్పణ, ఇవన్నీ వరుసగా పెట్టాడు. చూడటానికి బాగుంది. కానీ యూట్యూబ్ స్టూడియోలో 30వ సెకను దగ్గర ఇంకా ఎంతమంది చూస్తున్నారో విడిగా చూపిస్తారు. ఆ అరనిమిషంలో మనిషి, గొంతు, పల్లవి మూడూ రావాలి. అందుకని అవన్నీ వెనక్కి జరిపి, తాళం ఏమీ లేకుండా నా గొంతుతో ఒక్క లైను, నా ముఖం మీదే తెరిచాం. ఆ తర్వాత డప్పు పడుతుంది. నా పేరు కూడా ఆ లైను మీదే వస్తుంది, పెద్ద అక్షరాల్లో.

విడుదల ఎంగిలిపూల బతుకమ్మ రోజున వద్దని అందరం అనుకున్నాం. ఆ వారంలో పాటలు వరదలా వస్తాయి, మనది ఎక్కడో కొట్టుకుపోతుంది. కాస్త ముందే వదిలితే డీజేల వాళ్లకు చేరే టైమ్ ఉంటుంది. జిల్లాలో తెలిసిన డీజే వాళ్లందరికీ ఆడియో నేనే పంపించాను. థంబ్‌నెయిల్‌కి మూడు బొమ్మలు పెట్టి ఏది బాగా పనిచేస్తుందో పోల్చి చూసే సౌకర్యం ఇప్పుడు యూట్యూబ్‌లోనే ఉంది. డ్యాన్స్ గుంపు, ఇల్లు, నా ముఖం, ఈ మూడూ పెట్టి చూశాం. నా ముఖమే గెలిచింది. కెమెరా అన్న ఫోన్ చేసి "నువ్వన్నదే అయింది అక్కా" అన్నప్పుడు నాకు కళ్లు చెమర్చాయి.

పాట మాటలు మొత్తం తెలుగులో కింద రాసి పెట్టాను. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది కానీ బతుకమ్మ పాటకు ఇదే ప్రాణం. ఆడవాళ్లు చూసి ఊరుకోరు, నేర్చుకుని చుట్టూ తిరుగుతూ పాడతారు. స్టెప్పు కూడా అలాగే పెట్టించాం. చీరలో, చిన్న జాగాలో, ఏ వయసు వాళ్లయినా వేయగలగాలి. 2021లో మంచిర్యాల దగ్గర ఒక పెళ్లికూతురు 'బుల్లెట్టు బండి' పాటకు ఆడిన వీడియోను ఎన్ని ఫోన్లలో చూశామో గుర్తుందా? పాటను జనం తమ ఇంటి వేడుకలోకి తీసుకుంటే ఇక ఏ ప్రచారమూ దాని ముందు నిలవదు. మా పాటకు డల్లాస్‌లో మనవాళ్లు బతుకమ్మ ఆడిన రీల్ ఒకటి వచ్చింది. ఎవరో తెలియదు, అయినా నన్ను ట్యాగ్ చేశారు.

అంతలో ఒక టెన్షన్ వచ్చి పడింది. పాట మీద కాపీరైట్ క్లెయిమ్ పడింది. మా మ్యూజిక్ చేసిన తమ్ముడు డబ్బులు కట్టి కొన్న డప్పు లూప్‌నే (మళ్లీ మళ్లీ మోగించుకునే డప్పు ముక్క) ఇంకెవరో తమ పాటలో వాడుకుని, దాన్ని తమ పేరున నమోదు చేయించుకున్నారు. లూప్ కొన్న రసీదు, లైసెన్స్ కాగితం చూపించి డిస్ప్యూట్ వేశాం. జవాబు చెప్పడానికి అవతలివాళ్లకు 30 రోజుల గడువు ఉంటుంది. గడువు చివర్లో క్లెయిమ్ వదులుకున్నారు. రసీదు దాచిపెట్టుకోకపోతే మా పరిస్థితి ఏమయ్యేదో.

తర్వాత రిటెన్షన్ గ్రాఫ్, అంటే వీడియోలో ఏ చోట ఎంతమంది చూస్తున్నారో చూపించే గీత, తీసి చూశాం. రెండో మ్యూజిక్ బిట్‌లో ఊరంతా చూపించిన డ్రోన్ షాట్ల దగ్గర జనం జారుకున్నారు. దానికి ఖర్చు కూడా బాగానే అయింది. మూడో చరణంలో తల్లి బిడ్డ నెత్తి నిమిరే చోట గీత మళ్లీ పైకి లేచింది. అంటే వెనక్కి జరిపి మళ్లీ చూశారన్నమాట. అందులో తల్లిగా చేసింది మా అమ్మే.

పెట్టిన డబ్బు ఇంకా పూర్తిగా తిరిగి రాలేదు. కానీ ఆ బతుకమ్మ తర్వాత స్టేజీ ప్రోగ్రాములకు పిలుపులు పెరిగాయి, ఫ్లెక్సీల మీద నా ఫొటో వేస్తున్నారు. వేరే ఛానళ్లకు పాడటం మానలేదు, మాట మాత్రం ముందే చెబుతున్నాను. టైటిల్‌లో గాయని పేరు ఉండాలి, నేను స్టూడియోలో పాడుతున్న షాట్లు వీడియోలో కొన్నైనా పెట్టాలి. అలా చేస్తే నా రేటు తగ్గిస్తాను. ఇప్పటిదాకా ఇద్దరు ఒప్పుకున్నారు. ఒకాయన "గట్ల కుదరదమ్మా" అన్నాడు, ఆ పాట నేను పాడలేదు.