నాకు పెరుగు లేమి

పిల్లలు కంఠతా చెప్పే ఒక్కో బైబిలు వాక్యానికి ఒక్కో డాలరు ఇస్తానన్నాను. నేను చేసిన మొదటి తప్పు అదే. తొమ్మిదేళ్ల మావాడు వెతికి వెతికి యోహాను సువార్త 11వ అధ్యాయం 35వ వచనం పట్టుకొచ్చాడు. ఇంగ్లీషులో రెండే మాటలు. అప్పజెప్పి చెయ్యి చాపాడు. తెలుగులో చెప్పమంటే, "యేసు కన్నీళ్లు విడిచెను, మూడు మాటలు, డాలరున్నర" అన్నాడు.

టెక్సాస్‌లో మేము వెళ్లే చర్చిలో సండే స్కూలు పిల్లలకు కంఠత వాక్యాలు ఇస్తారు, చెప్పినవాళ్లకు స్టిక్కర్లు. మా పాప బోలెడు స్టిక్కర్లు తెచ్చుకుంది. క్రిస్మస్ నాటికి ఒక్క వాక్యం చెప్పమంటే స్టిక్కరు రంగు చెప్పింది. దాన్ని ఏమనగలను? మేమిద్దరం తెలుగులో ప్రార్థన చేసుకుంటాం, పిల్లలు ఇంగ్లీషులో బట్టీ పడతారు. వాళ్లు నేర్చిన వాక్యం ఇంట్లో ఎవరి నోటా వినిపించదు.

కిందటి వేసవిలో విశాఖపట్నం వెళ్లాం. అమ్మ ఉండేది పాత ఊళ్లో. మేడ ఎక్కితే రాస్ హిల్ మీది మేరీమాత చర్చి కనిపిస్తుంది. అమ్మ పిల్లలను కూర్చోబెట్టి ఏదీ నేర్పలేదు. గోంగూర ఆకులు తుంచుతూ "యెహోవా నా కాపరి" అని ఆగేది. అంతే. చుట్టుపక్కల ఎవరుంటే వాళ్లు "నాకు లేమి కలుగదు" అనాలి. మొదట్లో నేనే అందుకునేవాణ్ని, ముప్పై ఏళ్ల కిందటి అలవాటు. నాలుగో రోజున నాకంటే ముందు పాప అందుకుంది. అది బైబిల్లో 23వ కీర్తన. అందులో ఉన్నవి ఆరు వచనాలే, నెల పట్టింది. పట్టనీయండి.

మావాడికి 'లేమి' బాగా నచ్చింది. ఒక రాత్రి భోజనాల దగ్గర గిన్నె చూపించి, "నాన్నమ్మా, నాకు పెరుగు లేమి" అన్నాడు. అమ్మ నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుంది. 'పడుకోబెట్టడం' తెలియని పిల్లలకు 'పరుండజేయుచున్నాడు' వచ్చేసింది. గ్రాంథికం పిల్లలకు కష్టమని అంటారు గానీ, నాకలా అనిపించలేదు. కష్టమంతా ఆ మాట పలికే మనిషి పక్కన లేకపోవడంలోనే ఉంది.

ఈ తెలుగు ఎవరు రాశారని పాప అడిగింది. 1805లో లండన్ మిషనరీ సంఘం పంపగా వచ్చిన జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ ఈ ఊళ్లోనే మకాం పెట్టి, ఆనందరాయరు సాయంతో సువార్తలను తెలుగు చేయడానికి కూర్చున్నారని చెప్పాను. మూడు సువార్తలు 1812లో అచ్చయ్యే నాటికి ఆ దొరలిద్దరూ బతికి లేరు. మనం ఇప్పుడు చదివేది ఆ అనువాదం కాదనుకోండి. అయినా పాప, "అయితే వాళ్లు కూడా నాలాగే పెద్దయ్యాక తెలుగు నేర్చుకున్నారా?" అంది. దాని వయసు పన్నెండు.

డాలర్లు మానేశాను. ఇప్పుడు ఆదివారం రాత్రి తొమ్మిదింటికి ఫోను చేస్తాం, అమ్మకు అది సోమవారం పొద్దున ఏడున్నర, కాఫీ వేళ. మొన్న అమ్మ "శాంతికరమైన జలములయొద్ద" అని ఎత్తుకుంది.

"నాన్నమ్మా, ముందు పచ్చిక, తర్వాత జలములు" అని పాప ఆపింది.

"అవునే, నువ్వే చెప్పు" అంది అమ్మ.

కావాలనే తప్పు చెప్పిందని నా అనుమానం. అడిగితే ఒప్పుకోదు.