అమ్మ ఫోన్లో గుయ్‌మనే చప్పుడు

మా అమ్మకి సెల్‌ఫోన్ పడదు. కుర్చీలో కూర్చుని, రిసీవర్ చెవికి ఆనించుకుని మాట్లాడితేనే ఆవిడకి మాట్లాడినట్టు ఉంటుంది, అందుకే తెనాలి ఇంట్లో ల్యాండ్‌లైన్ తీయించలేదు. 2012లో ఇంటికి రంగులు వేయించి, పనిలో పనిగా వైరింగ్ కూడా కొంత మార్పించాం. అప్పట్నుంచి ఫోన్లో గుయ్‌మని ఒకటే చప్పుడు. సాయంత్రమైతే మరీ ఎక్కువ. "ఒరేయ్, నీ మాట నూతిలోంచి వస్తున్నట్టుందిరా, తర్వాత చెయ్" అని రెండు నిమిషాలకే పెట్టేసేది. రోజూ అరగంట మాట్లాడే మనిషి. నాకు చాలా బాధనిపించేది.

కంప్లైంట్ ఇస్తే లైన్‌మ్యాన్ రెండుసార్లు వచ్చి, స్తంభం దగ్గర చూసి, లైన్ బాగానే ఉందన్నాడు. నేను నమ్మలేదు. కానీ ఆయన చెప్పింది నిజమే.

దసరాకి వెళ్లినప్పుడు నేనే మొదలుపెట్టా. బయటి వైరు ఇంట్లోకి వచ్చే చోట ఉండే చిన్న పెట్టెలో, లోపలి గదులకు వెళ్లే తీగలు విప్పేసి, ఫోన్ నేరుగా అక్కడే తగిలించా. ఒక అంకె నొక్కితే డయల్ టోన్ ఆగి కాసేపు నిశ్శబ్దంగా ఉంటుంది, చప్పుడు ఉందో లేదో తెలిసేది అప్పుడే. ఏమీ లేదు! అంటే తప్పు బయట కాదు, మన గోడల్లోనే ఉంది. (తడి చేత్తో మాత్రం ఆ తీగలు ముట్టుకోకండి. మామూలుగా 48 వోల్టులే, కానీ అప్పుడే ఎవరైనా ఫోన్ చేస్తే రింగు కోసం 75 వోల్టులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే వస్తుంది, చురుక్కుమంటుంది.)

తీగలు మళ్లీ కలిపి, ఇంటి మెయిన్ ఆపేశా. ఇలాంటి రాగి తీగల ల్యాండ్‌లైన్‌కి కరెంటు టెలిఫోన్ ఎక్స్చేంజి నుంచి వస్తుంది కాబట్టి అది పనిచేస్తూనే ఉంటుంది. ఇన్వర్టర్ ఉన్నవాళ్లు దాన్నీ ఆపాలి, లేకపోతే ఈ పరీక్షకి అర్థమే లేదు. చప్పుడు పోయింది. ఒక్కొక్క స్విచ్చూ వేసుకుంటూ వస్తే పడగ్గదిలో దొరికింది: ఫ్యాన్ రెగ్యులేటర్. సగం స్పీడులో గోల, ఫుల్లులో పెడితే బాగా తగ్గుతోంది.

మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకి 50 సార్లు అలలా ఊగుతుంది. ఫోన్ వినిపించేది సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకానే, కాబట్టి ఆ 50 అసలు పెద్దగా వినపడకూడదు. కానీ గుండ్రంగా తిప్పే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ ఆ అలని మధ్యలో కోసి పంపిస్తుంది, ఆ కోతల్లోంచి పుట్టే పై స్థాయి చప్పుళ్లే మన చెవిలో పడేవి. ఫోన్ తీగలు రెండూ దాన్ని సమానంగా పట్టుకుంటే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, అందుకే వాటిని మెలితిప్పుతారు. ఇది గ్రాహంబెల్ 1881లోనే పేటెంట్ తీసుకున్న ఉపాయం. మా ఇంట్లో ఏం చేశారంటే, మెలిక లేని చదునైన వైరుని పడగ్గది కరెంటు తీగలతో పాటు ఒకే పైపులో లాగేశారు. పైగా బాత్‌రూమ్ గోడలో ఒక అతుకు, చెమ్మకి పచ్చగా చిలుం పట్టి ఉంది. ఒక తీగ భూమికి లీకైతే ఇంక సమానం ఎక్కడుంటుంది?

చప్పుడు సంగతి అలా ఉంచండి, ఇది ప్రమాదం. పైపులో ఎలుక కొరికితే 230 వోల్టులు అమ్మ చెవి దగ్గరికే వస్తాయి! అది తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. ఎలక్ట్రీషియన్ చేత పని చేయించేటప్పుడు ఈ ఒక్కటి దగ్గరుండి చూసుకోండి.

ఆ వైరంతా లాగి పారేసి, మెలితిప్పిన జంపర్ వైరు (ఫోన్లకి వాడే సన్నటి జంట తీగ), మధ్యలో ఒక్క అతుకూ లేకుండా, కరెంటు పైపుకి జానెడు దూరంలో గోడ అంచున వేశా. దాటక తప్పని ఒక్క చోట అడ్డంగా దాటించా, పక్కపక్కన సాగనివ్వలేదు. రెగ్యులేటర్ కూడా తీసేసి, మెట్లు మెట్లుగా తిరిగే కెపాసిటర్ రకం పెట్టా, అది అలని కోయదు.

ఆ రాత్రి అమ్మ బాపట్లలో ఉన్న పిన్నికి ఫోన్ చేసింది. ముప్పావుగంట మాట్లాడింది, ఒక్కసారి కూడా "ఆఁ? ఏంటీ?" అనలేదు.