వెల్లంపల్లి దారిలో అద్దంకి బస్సు

ఒంగోల్లో నేను కదిలించిన ప్రతివాళ్ళూ అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర పేరు చెప్పారు. గుడి దగ్గర, ఆసుపత్రి దగ్గర, టీ కొట్టు దగ్గర ఆ పేరే. యర్రగుంట్ల పేరయ్య గురించి అడిగితే "ఆయనెవరు?" అన్నారు. టీ కొట్టులో ఒక పెద్దాయన మాత్రం కాసేపు ఆలోచించి, "దొర దగ్గర పనిచేసిన బోధకుడు కదా" అన్నాడు. అక్కడే నాకు మండింది. పేరయ్య దొర దగ్గర పనిచేసిన మాట నిజమే. కానీ దొరకి మాదిగపల్లెల దారి చూపించింది ఆయనే.

ప్రార్థన కొండ ఎక్కాను. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఆయన కంటే ముందొచ్చిన మిషనరీలు జ్యూయెట్ దంపతులు, తెలుగు విశ్వాసులు కలిసి ఐదుగురు అక్కడ మోకరించి, ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని దేవుణ్ణి అడిగారు. పన్నెండేళ్ళు గడిచాక, 1866 సెప్టెంబరులో క్లౌ దంపతులు ఒంగోలు చేరారు. కొండ మీద నుంచి ఊరంతా కనిపిస్తుంది. ఎండ అప్పటికే నడినెత్తికి వచ్చేసింది కాబట్టి ఎక్కువసేపు నిలబడలేదు. లాడ్జిలో ఫ్యాను కిందే పడుకున్నందుకు పన్నెండు వందలు తీసుకున్నారు. ఒంగోల్లో నా కబుర్లు అంతే.

పేరయ్య సంగతి చెప్పాలి. ఆయన మాదిగ. ఒంగోలుకు పడమర దిక్కున తాళ్ళకొండపాడు ఆయన ఊరు. రాజయోగం నేర్పే గురువుల దగ్గర చాలాకాలం తిరిగాడు, శాంతి దొరకలేదు. తోళ్ళ బేరం మీద ఏలూరు వైపు వెళ్ళినప్పుడు క్రీస్తు మాట మొదటిసారి చెవిన పడింది. 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు, భార్య నాగమ్మ కూడా తీసుకుంది. తర్వాత ఊరుకోలేదు. తోళ్ళ కోసం ఏ ఊళ్ళకి నడిచాడో ఆ ఊళ్ళకే మళ్ళీ నడిచి, చెప్పులు కుట్టేవాళ్ళ పక్కన కూర్చుని చెప్పాడు. అంటరానివాళ్ళకి ఎవరో వచ్చి సువార్త అందించారని మనం అంటూంటాం. ఇక్కడ అంటరానివాడే దాన్ని మోసుకెళ్ళాడు. తెల్లదొర గుర్రం మీద వెళ్ళేసరికి పల్లెల్లో జనం అప్పటికే సిద్ధంగా ఉన్నారు.

అప్పుడే దొరకి పరీక్ష ఎదురైంది. ఒంగోల్లో ఆయన బడికి బ్రాహ్మణ పిల్లలు వచ్చేవారు, పెద్దకులాల వాళ్ళు ఆయన మాటలు శ్రద్ధగా వినేవారు. మాదిగల్ని చేర్చుకుంటే తాము రామని వాళ్ళు తేల్చి చెప్పారు. ముందు పెద్దవాళ్ళని చేర్చుకుంటే చిన్నవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వస్తారు అనే తెలివైన సలహా ఆ రోజుల్లో చాలామంది నమ్మినదే. క్లౌ, ఆయన భార్య హారియెట్ ఆ సమయంలో విడివిడిగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం కనబడిందని ఆయనే రాసుకున్నారు. లోకం బలహీనులనీ నీచులనీ ఎంచినవాళ్ళనే దేవుడు ఏర్పరచుకున్నాడని పౌలు కొరింథు సంఘానికి రాసిన భాగం అది. మాదిగల్ని చేర్చుకున్నారు. పెద్దకులాల పిల్లలు బడి వదిలి వెళ్ళిపోయారు.

నేను గుంటూరు వాణ్ణి, లూథరన్ కుటుంబం. 1842లో హయ్యర్ గారు వచ్చి మొదలుపెట్టిన మిషన్ మాది. మా వైపు లూథరన్ గుడుల్లో ఎక్కువమంది మాలలు, ఒంగోలు వైపు బాప్టిస్టు గుడుల్లో ఎక్కువమంది మాదిగలు. ఇది అందరికీ తెలుసు. పుల్పిట్ ఎక్కి మాత్రం ఎవరూ అనరు. బయల్దేరే ముందు మా మేనత్త అడిగింది, "ఒంగోలోళ్ళ ఇళ్ళల్లో దిగుతావా ఏంది?" అని. ఆమె మాటల్లో ఒంగోలు అంటే ఊరు కాదు. ఆమె ఎన్నో ఏళ్ళు సండే స్కూలు చెప్పింది, వాక్యం కంఠతా వచ్చు. మమ్మల్ని ఊరి బావి దగ్గరికి రానివ్వలేదని మా తాత చెప్పిన కథ ఏడుస్తూ చెప్తుంది. ఆమే ఈ మాట అంది. నాకు కోపం కంటే బాధ ఎక్కువైంది.

మర్నాడు పొద్దున్నే అద్దంకి బస్సు ఎక్కాను. పల్లెవెలుగు. ఆడవాళ్ళకి ఉచితం కాబట్టి బస్సు నిండిపోయింది, నాకు ఫుట్‌బోర్డు మీద చోటు దొరకడమే గొప్ప. త్రోవగుంట దాటాక కొంతమంది దిగితే ఒక ముసలమ్మ తన సంచీ ఒళ్ళోకి లాక్కుని, "కూచో నాయనా, పడిపోతావు" అంది. తెల్లచీర, చేతిలో నల్ల అట్ట బైబిలు, అట్ట అంచులు అరిగి లోపలి గుడ్డ బయటపడింది.

"వందనాలమ్మా" అన్నాను.

"వందనాలయ్యా. ఏ సంఘం?"

గుంటూరు లూథరన్ అని చెప్పగానే ఆమె నవ్వింది. ఏ కులమో ఆమెకి తెలిసిపోయింది, ఆమెది ఏమిటో నాకూ తెలిసింది. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. వెల్లంపల్లి వెళ్తున్నాను, బాప్తిస్మాలు ఇచ్చిన ఏరు చూడాలి అన్నాను. "ఏట్లో ఏముంది నాయనా, ఇసక గుంటలు. నాతో రా, అసలు సంగతి చూపిస్తా" అంది. ఆమె బైబిల్ ఉమన్‌గా, అంటే సంఘం తరఫున ఆడవాళ్ళకి వాక్యం చెప్పే మనిషిగా పనిచేసి రిటైరైంది. రిటైరైందంటే సంఘం జీతం ఇవ్వడం మానేసిందని అర్థం. పని ఆగలేదు. ఏటి ఒడ్డున యానాదుల కాలనీకి వెళ్తోంది.

"మీవాళ్ళు ఏమనలేదా?" అని అడిగాను.

"అనకేం. ఎలకలు తినేవాళ్ళతో నీకేం పని అన్నారు. యానాదులు మాత్రం తక్కువా? మొదట పోయినప్పుడు దాహమేసి నీళ్ళడిగితే ముంత ఇవ్వలా. మాదిగామెకి మా ముంత ఎట్టా ఇస్తాం, దోసిలి పట్టు అన్నారు. పట్టా. పైనుంచి పోశారు, తాగా."

ఈ మాట ఆమె ఏ బాధా లేకుండా చెప్పింది. ఊరు మాదిగల్ని అవతల పెడితే, మాదిగలు యానాదుల్ని, యానాదులు మళ్ళీ మాదిగల్ని. మాలలం మేమూ ఈ వరసలోనే ఉన్నాం. మెట్లున్న ఇంట్లో అందరూ తమ కింద ఇంకో మెట్టు ఉందో లేదో వెతుక్కుంటారు. గుళ్ళో కూర్చుని కూడా వెతుక్కుంటున్నాం, నాకు ఒళ్ళు మండేది అందుకే.

వెల్లంపల్లి అడ్డరోడ్డు దగ్గర దిగాం. ఆటో అతను లోపలికి రెండొందల యాభై అన్నాడు. ఆమె అతన్ని చూసి "మీ నాయన పేరు చెప్పమంటావా?" అనగానే వందకి దిగాడు. దారిలో గ్రానైటు లారీల దుమ్ము.

ఏటి ఒడ్డున ఒకసారి ఆగమన్నాను. గుండ్లకమ్మలో నీళ్ళు పాయలుగా ఉన్నాయి, నిజంగానే ఇసుక గుంటలు. 1878 జులై 3న ఒక్కరోజులో ఇక్కడ 2,222 మంది బాప్తిస్మం పొందారు. ముందురోజు 614 మంది, మర్నాడు 700 మంది. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరు చొప్పున మారుతూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్ళల్లో నిలబడ్డారు. క్లౌ దొర ఆ రోజు నీళ్ళలోకి దిగలేదు.

దానికి ముందు కథే నాకు ముఖ్యం. 1876 నుంచి 78 దాకా ధాత కరువు. క్లౌ సర్వేయరు పని తెలిసినవాడు కాబట్టి బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళు తవ్వే కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆకలితో చచ్చిపోతున్న వేలమందికి అక్కడ పని, కూలి దొరికాయి. బోధకులే మేస్త్రీలు. రాత్రిళ్ళు వాళ్ళే వాక్యం చెప్పేవారు. జనం బాప్తిస్మం ఇవ్వమని అడుగుతుంటే సాయం నడిచినన్నాళ్ళూ ఆయన ఇవ్వలేదు. కూటి కోసం వచ్చారనే మాట పడకూడదని ఆపాడు. పని ముగిసి, పంచడానికి ఏమీ మిగలని రోజుల్లో కూడా వాళ్ళు వచ్చారు. ఆ ఏడాది చివరికి ఆ లెక్క తొమ్మిది వేలు దాటింది. బియ్యం క్రైస్తవులు అని ఇప్పటికీ మనల్ని వెటకరించేవాళ్ళకి ఈ సంగతి చెప్పాలనిపిస్తుంది.

కాలనీలో ఇరవై ఇళ్ళు కూడా లేవు. సగం రేకులు, సగం తాటాకు. మగవాళ్ళు చాలామంది రొయ్యల చెరువుల కాపలాకి పోయారు. మేం వెళ్ళగానే పిల్లలు ఆమె సంచీ మీద పడ్డారు. బిస్కెట్లు పంచి, వేపచెట్టు కింద కూర్చుని పాట ఎత్తుకుంది. వాక్యం పది నిమిషాలు కూడా చెప్పలేదు. తర్వాత ఎవరికి పింఛను ఆగింది, ఎవరి రేషన్ కార్డులో పేరు తప్పు పడింది, అదే మాట్లాడింది.

"ఇట్టా మొదలెట్టా నాయనా" అంది నాతో. "ముందు బోధ చేయలా. వీళ్ళకి ఆధార్ లేదు. అది లేకపోతే బియ్యం లేవు, బడి లేదు. పొద్దున్నే నలుగుర్ని పట్టుకుపోయి ఎమ్మార్వో ఆఫీసు మెట్ల మీద కూచునేదాన్ని. పుట్టిన తేదీ చెప్పమంటారు, వీళ్ళకేం తెలుసు? తుఫాను ఏడు పుట్టాడు అంటారు. కార్డులన్నీ వచ్చిందాకా బాప్తిస్మం మాట ఎత్తలా. కార్డు కోసం కలిశారనే మాట నాకొద్దు."

క్లౌ దొర కూడా అలాగే ఆగాడని చెప్పాను. కాలువ సంగతి ఆమె ఎరగదు. "మంచిపని చేశాడు" అని మాత్రం అంది.

మధ్యాహ్నం ఒక ఇంట్లో భోజనం. ఏటి చేపలు, చింతపండు పులుసు, బియ్యం రేషనువే. స్టీలు కంచాల్లో పెట్టారు. ఇంటామె నా ముందు కంచం పెట్టి దూరంగా నిలబడింది, నేను తింటానో లేదో చూడ్డానికి. ఆ పులుసు గురించి ఒక పేరా రాయగలను. ఒంగోలు హోటల్లో నూట ఎనభై పెట్టి తిన్న చేపల భోజనం దీనిముందు దండగ. రెండోసారి అన్నం అడిగాక గానీ ఆమె కూర్చోలేదు. చేతులు కడుక్కోవడానికి ముంత నా చేతికే ఇచ్చింది. ముసలమ్మ ఆ ముంత వైపు చూసి నా వైపు చూసింది.

భోజనాలయ్యాక మిగతా కథ చెప్పింది. కాలనీలో కొందరు విశ్వసించాక ఆదివారం తమ గుడికి తీసుకెళ్తానంది. సంఘ పెద్దలు పిలిచి మాట్లాడారు. వీళ్ళకి ఇక్కడే పాక వేద్దాం, డబ్బు మేమిస్తాం, గుళ్ళోకి మాత్రం వద్దన్నారు. తెస్తే సంఘం చీలిపోతుంది అన్నారు. కావాలంటే వెనక కూర్చోబెట్టి, ప్రభురాత్రి భోజనం చివర్లో ఇద్దాం అన్నారు. బ్రాహ్మణులు క్లౌకి పెట్టిన షరతే. పేరయ్య మనవళ్ళ నోటి నుంచి వచ్చింది.

"మరి మీరేం చేశారమ్మా?"

"ఏం చేస్తా. ఆదివారం పొద్దున్నే పోయి ముందు చాప మీద నా పక్కన కూచోబెట్టుకున్నా. మా ముసలాయన కోపమొచ్చి మూడు రోజులు నా చేతి కూడు తినలా. కొందరు లేచిపోయారు. కొందరు మళ్ళీ వచ్చారు. మా సొంత తోడికోడలు ఇప్పటికీ రాదు. పక్క ఊరి గుడికి పోతది."

పాస్టరుగారు ఆ రోజు ఎవరి పక్షం తీసుకున్నారని అడిగితే ఆమె జవాబు చెప్పలేదు. నేనూ రెట్టించలేదు.

బయల్దేరబోతుంటే భోజనం పెట్టిన ఇంటామె కొడుకుని పిలిచింది. పది పాసయ్యాడు, గుంటూరులో ఐటీఐ చేయాలని ఉంది, హాస్టల్లో సీటు దొరికిందాకా ఉండటానికి చోటు లేదు. ముసలమ్మ నా ముఖంలోకి చూస్తూ, "గుంటూరులో ఇల్లుందంటివే" అంది. ఉంది, మా ఇంట్లోనే ఉంటాడు అన్నాను.

ఒంగోలు బస్టాండులో గుంటూరు బస్సు కోసం నిలబడి అత్తకి ఫోన్ చేశాను. అబ్బాయి ఎవరో, ఏ ఊరో, ఏ కులమో అన్నీ అడిగింది. ఏదీ దాచలేదు.

"వాడి కంచం ఎవరు కడుగుతారురా?" అంది.

"మనింట్లో ఎవరి కంచం వాళ్ళే కడుక్కుంటాం కదత్తా. వాడూ అంతే."

"ఇంటికి రా, మాట్లాడదాం" అని పెట్టేసింది. వచ్చాక రోజూ మాట్లాడుతున్నాం. పేరయ్య కథ చెప్పాను, దోసిలి పట్టి నీళ్ళు తాగిన కథ చెప్పాను. రెండోది విన్నప్పుడు మా తాత బావి కథ ఆమే మళ్ళీ ఎత్తింది. ఇంకా సరేననలేదు. ఆ అబ్బాయి వచ్చేది జూన్‌లో. ముందుగదిలో బియ్యం బస్తాలు తీయించి మంచం వేయించాను.